ఒక షెడ్డులో రెండు జెట్ స్కీలు: దేనికి ఏ 2టీ ఆయిల్?

ప్రశ్న: మాది ములుగు జిల్లా. గోవాల నడిచిన రెండు జెట్ స్కీలు (నీళ్ల మీద నడిచే స్కూటర్లు) నిరుడు సెకండ్ హ్యాండ్‌ల కొన్నం. ఒకటి యమహా ఎక్స్‌ఎల్ 700, ఇంకోటి 1997 సీ-డూ జీటీఎక్స్. రెండూ టూ-స్ట్రోకే. ఇన్నొద్దులు ఏ ఆయిల్ పోసిన్రని అడిగితే అమ్మినాయన "ఏదైనా 2టీయే గదా, పోసుకోండి" అన్నడు. సీ-డూ ఆయిల్ ట్యాంకుల నీలం రంగుది సగం ఉంది. హన్మకొండల ఆర్ఎక్స్ 100లు చేసే మెకానిక్ బంకుల దొరికే 2టీ సాలు అంటడు. మోటార్ బోటు నడిపే దోస్తేమో టీసీ-డబ్ల్యూ3 తప్ప వేరేది ముట్టొద్దు అంటడు. రెండింటికీ ఒకటే డబ్బా తెస్తే కాదా? పెట్రోల్‌ల ఎంత కలపాలె? ఇంజన్ పట్టేస్తే ఇక్కడ బాగుచేసేటోళ్లు కూడా లేరు.
– ములుగు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఒకటే డబ్బాతో పని కాదు. యమహాకు టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిల్ పోయాలి. సీ-డూకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) టీసీ అని రాసి ఉన్న లో-యాష్, అంటే కాలితే బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ పోయాలి. మీ దోస్తు మాట యమహాకు అక్షరాలా నిజం, సీ-డూకు తప్పు. మీ మెకానిక్ మాట సీ-డూకు కాస్త దగ్గరగా వస్తుంది, యమహాకు అసలు పనికిరాదు. ఇద్దరూ తమకు తెలిసిన ఇంజన్ గురించి సరిగ్గానే చెప్పారు. చిక్కల్లా మీ షెడ్డులో రెండు జాతుల ఇంజన్లు పక్కపక్కన ఉండటమే.

టూ-స్ట్రోక్ ఇంజన్‌కు అడుగున ఆయిల్ నిలవ ఉండదు. పెట్రోలుతో కలిసి లోపలికి పోయిన ఆయిలే క్రాంక్ బేరింగులను, పిస్టన్‌ను, రింగులను తడిపి, చివరికి అదీ కాలిపోయి పొగగొట్టం దారి పడుతుంది. అందుకే ఇక్కడ ఆయిల్ ఎంత జారుడుగా ఉందన్నది సగం సంగతే. కాలిపోయాక వెనకాల ఏం మిగులుస్తుందన్నది మిగతా సగం. ఆ మిగిలేదాన్నే యాష్ అంటారు, అంటే బూడిద. కాల్షియం వంటి లోహాలున్న డిటర్జెంటు కలిపిన ఆయిల్ కాలితే కొంచెం బూడిద మిగులుతుంది.

ఆర్ఎక్స్ 100 లాంటి గాలితో చల్లబడే ఇంజన్‌లో పిస్టన్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి ఆయిల్ రింగు గాడిలో మాడి అంటుకుంటుంది. దాన్ని కడగాలంటే లోహపు డిటర్జెంటు ఉండాల్సిందే, కాసింత బూడిద మిగిలినా ఆ ఇంజన్ ఓర్చుకుంటుంది. యమహా ఎక్స్‌ఎల్ 700లో ఉన్న 701 సీసీ ఇంజన్ కథ వేరు. చెరువు నీళ్లే నేరుగా సిలిండర్ చుట్టూ తిరుగుతాయి, గోడలు చల్లగా ఉంటాయి, కానీ నడిపేవాడు థ్రాటిల్ మొత్తం నొక్కిపట్టి నిమిషాల తరబడి వదలడు. అలాంటి చోట బూడిద ప్లగ్గు మొన మీదా పిస్టన్ తల మీదా గడ్డకట్టి, నిప్పుకణికలా ఎర్రగా మారి, స్పార్క్ రాకముందే పెట్రోలును అంటిస్తుంది. దీన్నే ప్రీ-ఇగ్నిషన్ అంటారు. పిస్టన్ తలకు చిల్లు పడటానికి ఇది నిమిషాల పని. అందుకే పడవ ఇంజన్లకు బూడిద లేని ఆయిల్ అడుగుతారు. అమెరికాలోని నేషనల్ మెరైన్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ (ఎన్‌ఎంఎంఏ) పెట్టిన టీసీ-డబ్ల్యూ3 ప్రమాణం అదే. తుప్పు ఆపుతుందా, నీటి చుక్క కలిసినా ఫిల్టర్ మూసుకుపోకుండా పారుతుందా, ప్రీ-ఇగ్నిషన్ తెస్తుందా అన్న పరీక్షలన్నీ అందులో ఉంటాయి. యమహా తన వాటర్ స్కూటర్లకు చెప్పే యమలూబ్ 2-డబ్ల్యూ కూడా టీసీ-డబ్ల్యూ3 ఆయిలే.

మరి సీ-డూ కూడా నీళ్లతోనే చల్లబడుతుంది కదా అంటారు. నిజమే. కానీ మీ 1997 జీటీఎక్స్‌లో ఉన్నది రోటాక్స్ 787 ఇంజన్. దాని ఎగ్జాస్ట్ దారిలో రేవ్ వాల్వులని రెండు పలకలుంటాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ అవి పైకి జరిగి దారి తెరుస్తాయి. ఎర్రటి ఎగ్జాస్ట్ వేడిలో, సన్నటి గాడిలో జారాల్సిన పలకలివి. బూడిద లేని ఆయిల్‌లోని క్లీనింగు మందు ఆ వేడికి చాలదు, పలక చుట్టూ తారులాంటి నల్లటి బంక పేరుకుంటుంది. పలక కిందే ఇరుక్కుంటే బండి మొదలు బాగానే కదులుతుంది గానీ పై వేగానికి ఎక్కనే ఎక్కదు. అందుకే సీ-డూ యజమాని పుస్తకంలో ఏపీఐ టీసీ లో-యాష్ ఆయిలే పోయమనీ, టీసీ-డబ్ల్యూ, టీసీ-డబ్ల్యూ2, టీసీ-డబ్ల్యూ3 పోయవద్దనీ పేర్లు పెట్టి మరీ రాశారు.

పేర్ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. టీసీ, టీసీ-డబ్ల్యూ3 అన్నదమ్ముల్లా వినిపిస్తాయి, దుకాణదారుడు కూడా "రెండూ ఒకటే సార్, ఇది కొత్త మోడల్" అనేస్తాడు. చుట్టరికం ఏమీ లేదు. ఏపీఐ వాళ్లు టూ-స్ట్రోక్ ఆయిళ్లకు టీఏ, టీబీ, టీసీ అని వరుసగా పేర్లు పెట్టారు. మోపెడ్ల నుంచి మొదలై మూడో మెట్టు టీసీ, అంతే. టీసీ-డబ్ల్యూలో టీసీ అంటే టూ-సైకిల్, డబ్ల్యూ అంటే నీటితో చల్లబడేది. అక్షరాలు కలవడం యాదృచ్ఛికం.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు ఉన్న రేసింగ్ బొమ్మలను వదిలేసి వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. యమహాకు కొనే డబ్బా మీద ఎన్‌ఎంఎంఏ టీసీ-డబ్ల్యూ3 అన్న మాట ఉండాలి, లైసెన్స్ నంబరు కూడా అచ్చయి ఉంటే ఇంకా మంచిది. వరంగల్ ఆటోమొబైల్ దుకాణాల్లో ఇది మామూలుగా నిలవ ఉండదు, అవుట్‌బోర్డ్ మోటార్ల స్పేర్లు అమ్మేవాళ్ల దగ్గర తెప్పించుకోవాలి. సీ-డూకు ఏపీఐ టీసీతో పాటు జాసో ఎఫ్‌డీ అని కూడా ఉన్నది దొరికితే అదే తీసుకోండి. జాసో జపాన్ ప్రమాణం. ఎఫ్‌బీ కన్నా ఎఫ్‌సీకి పొగ తక్కువ, ఎఫ్‌డీకి పొగ తక్కువగా ఉండటమే కాదు, వేడిలో కడిగే గుణమూ ఎక్కువ. రేవ్ పలకలకు కావాల్సింది ఆ గుణమే. ఎఫ్‌బీ మాత్రమే రాసి ఉన్న డబ్బాను అక్కడే వదిలేయండి. రెండింటికీ "ప్రీ-మిక్స్, ఇంజెక్టర్" రెండు పద్ధతులకూ, అంటే పెట్రోలులో ముందే కలపడానికీ, ఆయిల్ ట్యాంకు నుంచి చిన్న ఇంజెక్షన్ పంపు లాగి ఇంజన్‌కు ఇవ్వడానికీ పనికొస్తుందన్న మాట లేబుల్ మీద ఉందో లేదో చూడండి. కొన్ని రేసింగు ఆయిళ్లు చిక్కగా ఉండి పెట్రోలులో కలపడానికే తప్ప చిన్న పంపులో పారవు. మినరలా, సెమీ సింథటిక్కా, ఫుల్ సింథటిక్కా అన్నది దీని తర్వాతి ప్రశ్న. యమహాకు మంచి మినరల్ టీసీ-డబ్ల్యూ3 చాలు. సీ-డూకు డబ్బులు పెట్టగలిగితే సెమీ లేదా ఫుల్ సింథటిక్ పోయండి, రేవ్ పలకలు విప్పిన రోజు తేడా కంటికే కనిపిస్తుంది.

బంకులో క్యాను నుంచి వంచి పోసే లూజ్ 2టీ రెండింటికీ వద్దు. దాని గ్రేడు ఏమిటో ఎవరికీ తెలియదు, పైగా క్యాను మూతి చుట్టూ ఉన్న ఇసుకంతా మీ ఫిల్టర్‌లోకి వస్తుంది. పత్తి మందు కొట్టే తైవాన్ పంపుకు తెచ్చిన ఆయిల్ ఇంట్లో ఉంటుంది, అత్యవసరానికని యమహాలో పోయకండి. అది గాలితో చల్లబడే ఇంజన్ ఆయిల్. ట్రాక్టరుకో బైకుకో పోసే 20డబ్ల్యూ-40 ఇంకా ప్రమాదం. అది ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి (సంపు)లో తిరుగుతూ ఉండటానికి చేసింది. దానిలోని జింకు, డిటర్జెంట్లు కాలితే ప్లగ్గు మీద సున్నంలా పేరుకుంటాయి. ఆముదం సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఒకప్పుడు రేసు ఇంజన్లలో ఆముదం వాడిన మాట నిజమే, క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా క్యాస్టర్ నుంచే వచ్చింది. అయితే రేసు అయిన ప్రతిసారీ ఇంజన్ విప్పి కడిగే వాళ్ల విద్య అది. మీ ఇంజెక్షన్ పంపులో ఆముదం జిగురై కూర్చుంటుంది.

ఇక ఆ నీలం ఆయిల్. రంగును బట్టి గ్రేడు చెప్పలేం. నీలం, ఎరుపు, ఆకుపచ్చ అన్నీ కంపెనీ కలిపిన రంగులే, పెట్రోలులో ఆయిల్ కలిసిందో లేదో తెలియడానికి. అది టీసీ-డబ్ల్యూ3 అయితే దాని మీద ఏపీఐ టీసీ పోసినప్పుడు రెండింటిలోని మందులు ఒకదానితో ఒకటి విరిగి గంజిలా, జెల్లీలా గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఏపీఐ టీసీలోనే రెండు కంపెనీలవి కలపవద్దని సీ-డూ పుస్తకం హెచ్చరిస్తుంది. కావాలంటే ఒక గాజు సీసాలో పాతది 50 మి.లీ., కొత్తది 50 మి.లీ. పోసి బాగా ఊపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారి వెలుతురుకు ఎత్తి చూడండి. తీగలు సాగినా, అడుగున మేఘంలా కనిపించినా సంగతి తేలిపోయినట్టే. ఏమీ కనిపించకపోయినా ఆ పాత ఆయిల్‌ను ఉంచమని మాత్రం చెప్పం. సగం ట్యాంకు ఆయిల్ ఖరీదెంత, క్రాంక్ ఖరీదెంత.

ఖాళీ చేయడంలో సీ-డూకు ఒక మెలిక ఉంది. ఆయిల్ ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపుకు వెళ్లే సన్న గొట్టం ఒక్కటే కాదు, మరో రెండు లావు గొట్టాలు ఇంజన్ మధ్యలోకి వెళ్లి వస్తాయి. 787లో పెట్రోలు లోపలికి వచ్చే దారిని తెరిచి మూసే గుండ్రటి రోటరీ వాల్వు పలక ఉంటుంది. దాన్ని తిప్పే గేరు ఈ ట్యాంకు ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. ట్యాంకును మాత్రమే సిరంజితో లాగేసి కొత్తది పోస్తే, ఆ గేరు గదిలో పాతది అలాగే ఉండిపోతుంది. జెల్లీ అక్కడ కట్టిందంటే గేరుకు ఆయిల్ అందక పళ్లు అరిగిపోతాయి. కాబట్టి కింది లావు గొట్టం కూడా ఊడదీసి, గిన్నె పెట్టి, పూర్తిగా కారనివ్వాలి. తర్వాత గొట్టం బిగించి, కొత్త ఆయిల్ నెమ్మదిగా పోస్తూ, రెండో గొట్టంలోంచి గాలి మొత్తం వెళ్లేదాకా ఆగాలి. ఆ గదిలో గాలి మిగలకూడదు.

ఈ పనికి కూర్చున్నప్పుడే పంపు ముందున్న చిన్న ఫిల్టర్ మార్చండి. మీద బాణం గుర్తు ఉంటుంది, బాణం పంపు వైపు చూడాలి. పాత గొట్టాలను వేలితో వంచి చూడండి. విరిగేలా బిరుసెక్కినా, ముడి దగ్గర తడి కనిపించినా మార్చేయాలి. ఇంజెక్షన్ పంపు చెడిపోయి ఇంజన్ పట్టేసిందని చెప్పుకునే కథల్లో చాలావాటికి కారణం పంపు కాదు, ఊడిన గొట్టమో మూసుకున్న ఫిల్టరో. సీ-డూలో ఆ కాలం నాటి పెట్రోలు గొట్టాలు బూడిద రంగువి ఇంకా ఉన్నాయా చూడండి. అవి లోపల కరిగి ఆకుపచ్చ బంకై కార్బురేటర్‌లోని చిన్న జల్లెడను మూసేస్తాయి. ఇంజన్‌కు పెట్రోలు తగ్గితే దానితో వచ్చే చలవా తగ్గుతుంది, పిస్టన్ గీరుకుపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది.

తర్వాత గాలి తీయడం. ఇంజన్ ఆపి ఉండగా పంపు మీది బ్లీడ్ స్క్రూను వదులు చేస్తే మొదట బుడగలు, తర్వాత ఒట్టి ఆయిల్ వస్తుంది. అప్పుడు బిగించాలి. పంపు లివరు మీద ఒక గీత, పంపు ఒంటి మీద ఒక గీత ఉంటాయి. థ్రాటిల్ వదిలేసి, కేబుల్ వదులు తీసి ఉన్నప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా రావాలి, లేకపోతే కేబుల్ సర్దాలి. గీత వెనకబడి ఉంటే ప్రతి వేగంలోనూ ఆయిల్ తక్కువే పోతుంది. ఆఖరున పంపు నుంచి ఇంజన్‌కు వెళ్లే సన్న గొట్టాల్లో మిగిలిన గాలి. ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి, లివరును చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకుంటే బుడగలు కదిలిపోతాయి. ఒడ్డున ఈ పని చేస్తే పైపుతో నీళ్లివ్వాలి. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఆ తర్వాతే నీళ్లు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపాలి. వరస తప్పితే నీళ్లు ఎగ్జాస్ట్ దారిన సిలిండర్‌లోకి వస్తాయి. నీళ్లివ్వకుండా అయితే 15 సెకన్లు దాటించకండి.

మొదటి ట్యాంకు మటుకు ఇంజెక్షన్‌ను నమ్మకుండా పెట్రోలులో కూడా 50:1 (50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) కలిపి నడపండి, రెండు బండ్లకూ. పొగ ఎక్కువ వస్తుంది, ప్లగ్గులు జిడ్డుగా అవుతాయి, కంగారు పడొద్దు. సీ-డూకు ఎన్‌జీకే బీఆర్8ఈఎస్ ప్లగ్గులు ఒక జత చేతిలో ఉంచుకోండి. బయల్దేరే ముందు తెల్ల ప్లాస్టిక్ ఆయిల్ ట్యాంకు మీద మార్కరుతో గీత గీయండి. ఇంజెక్షన్ పంపు పూర్తి వేగంలో సుమారు 50:1, నెమ్మదిగా పోయేటప్పుడు అంతకంటే బాగా తక్కువ ఇస్తుంది. 18 లీటర్ల పెట్రోలు కాలితే ఆయిల్ ఇంచుమించు 225 నుంచి 360 మి.లీ. తగ్గి ఉండాలి. గీత కదలనే లేదంటే పంపు ఆయిల్ ఇవ్వడం లేదు, ఇంజన్‌ను బతికించింది మీరు కలిపిన పెట్రోలే. గీత సరిగ్గా దిగుతోందని రెండుసార్లు చూశాకే మామూలు పెట్రోలుకు రండి.

కొలతకు లెక్క తేలిక. 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., 40:1 అంటే 25 మి.లీ., కొత్త పిస్టన్ వేసిన తర్వాత మొదటి ట్యాంకుకు చెప్పే 25:1 అంటే 40 మి.లీ. మన దగ్గర చాలామంది క్వార్టర్ సీసాతో కొలుస్తారు. నవ్వులాటకు కాదు, క్వార్టర్ 180 మి.లీ. కాబట్టి 9 లీటర్ల పెట్రోలుకు ఒక క్వార్టర్ సరిగ్గా 50:1. కాకపోతే ఆ 180 సీలు తీయక ముందు మందు ఉన్న మట్టం వరకే, మూతి దాకా నింపితే ఎక్కువ పడుతుంది. గీతలున్న పాలపీక సీసా దీనికంటే నయం. కలపడం బండి ట్యాంకులో వద్దు, లోహపు క్యానులో కలపండి. సగం పెట్రోలు పోసి, ఆయిల్ పోసి, మూత బిగించి ఊపి, మిగతా పెట్రోలు పోసి మళ్లీ ఊపండి. "ఇంకొంచెం పోస్తే ఇంజన్‌కు బలం" అని చేయి జారనివ్వకండి. ఆయిల్ పెరిగితే అంత మేరకు పెట్రోలు తగ్గినట్టే, ప్లగ్గు తడుస్తుంది, రేవ్ పలకలు ఇంకా త్వరగా నల్లబడతాయి.

ఇంజెక్షన్ పీకేసి ఎప్పటికీ కలిపిన పెట్రోలే పోయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఒక్కరే నడిపే బండికి ఆ పద్ధతి బాగుంటుంది. మీ దగ్గర నలుగురు వంతులవారీగా పెట్రోలు పోస్తుంటే మాత్రం అది ప్రమాదం. ఒక్కరు ఒక్కరోజు ఉత్త పెట్రోలు పోస్తే చాలు. గొట్టాలు కొత్తవి వేసి ఇంజెక్షనే ఉంచుకోండి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోలు గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇది ఆయిల్ సంగతే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులోకి కొంచెం ఎక్కువ నీళ్లు చేరితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి, పెట్రోలూ దానిలో కలిపిన 2టీ ఆయిలూ పైన ఉండిపోతాయి. పెట్రోలు లాగే గొట్టం అడుగునే ఉంటుంది. రిజర్వులో పెట్టి నడిపితే మరీ అడుగు నుంచి వస్తుంది. అంటే ఇంజన్‌లోకి పోయేది ఆయిల్ చుక్క లేని నీళ్ల ఇథనాల్. వానాకాలంలో మూత సరిగా పెట్టని క్యానులో నెల రోజులు నిలవున్న మిక్సు చాలా ఇంజన్లను తినేసేది ఇలాగే. రెండు మూడు వారాలకు మించి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ఇంకొకటి, ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బురేటర్ సెట్టింగు మీద మిశ్రమం కొద్దిగా లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు. పూర్తి వేగంలో కాసేపు నడిపి, అక్కడికక్కడే ఇంజన్ ఆపి ప్లగ్గు తీయండి. అట్టపెట్టె రంగు ఉంటే సరి. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉండి, మీద అల్యూమినియం మెరుపు చుక్కలు కనిపిస్తే ఆ రోజుకు ఆపేసి కార్బురేటర్ చూపించండి. అది ఆయిల్ పెంచితే పోయే జబ్బు కాదు.

మన చెరువుల్లో ఆయిల్ మీదికి నెట్టే ఇంకో తప్పు నాచు. ఇంజన్‌కు చలవనిచ్చే నీళ్లు జెట్ పంపు దగ్గర నుంచే వస్తాయి. నాచో గుర్రపుడెక్క వేరో జాలికి చుట్టుకుంటే తోపూ తగ్గుతుంది, చలవా తగ్గుతుంది. వానల తర్వాత ఎర్రనీళ్లలోని ఒండ్రు ఇంజన్ నీటిదారుల్లో పేరుకుంటుంది. వెనకాల ధార సన్నబడినా, బండి అరుపు ఎక్కువై వేగం తగ్గినా వెంటనే ఆపి, సేఫ్టీ తాడు పీకేసి, ఆ తర్వాతే జాలిలో చేయి పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి ఐదు నిమిషాల పూర్తి వేగం తర్వాత ఒక నిమిషం నెమ్మదిగా పోనివ్వండి. డబ్బాల మీద గొప్పగా రాసే "గడ్డకట్టే చలిలోనూ పారుతుంది" అన్న గుణంతో ములుగులో మనకు పనిలేదు.

పాత కార్బురేటర్ టూ-స్ట్రోక్ తాగిన పెట్రోలులో పావు వంతు దాకా కాలకుండానే ఆయిల్‌తో కలిసి నీళ్లలోకి పోతుంది. కాకతీయుల నాటి మన చెరువుల కింద వరి పారుతుంది, కొన్నింటి నీళ్లు తాగడానికీ వెళ్తాయి. పాఖాల చెరువు చుట్టూ అభయారణ్యం ఉంది. నీటిపారుదల, అటవీ శాఖల అనుమతి చేతిలో లేకుండా నీళ్లలో దించకండి. బండి అడుగున చేరిన నూనె నీళ్లను చెరువు గట్టున వంపకండి, గుడ్డతో పీల్చి డబ్బాలోకి ఎత్తండి.

వాడకంలో 50 గంటలకోసారి సీ-డూ రేవ్ వాల్వులు విప్పి చూసుకోవాలి. ఎర్ర ప్లాస్టిక్ మూత, దాని కింద స్ప్రింగు, రబ్బరు తిత్తి ఉంటాయి. తిత్తికి చిల్లు ఉంటే కొత్తది వేయండి. పలకను కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దండి, గరుకు కాగితం వద్దు. సరైన ఆయిల్ వాడుతుంటే పలక మీద పల్చటి గోధుమ రంగు పొరే ఉంటుంది. కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) కూడా అప్పుడే చూడండి. బైకు మెకానిక్ దగ్గరున్న గేజీ చాలు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలిస్తే రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి.

షెడ్డులో తారుమారు కాకుండా ఉండటానికి రంగు పెయింటు వాడండి. యమహా ఆయిల్ మూతకూ, టీసీ-డబ్ల్యూ3 డబ్బాకూ తెలుపు. సీ-డూ మూతకూ, దాని డబ్బాకూ పసుపు. గరాటులు కూడా రెండు, అవే రంగులు. ఎరుపు మాత్రం పెట్రోలు మిక్సు క్యానుకే.

వానాకాలం బండ్లు పక్కన పెట్టేటప్పుడు పెట్రోలు తీసేసి, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక్కో సిలిండర్‌లో ఆ బండికి చెందిన 2టీ ఆయిలే 15 మి.లీ. పోసి, ప్లగ్గు వైర్లు ఎర్త్‌కు తగిలించి, రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టి మూసేయండి. సీ-డూకు ఇంకో జాగ్రత్త. ఇందాక చెప్పిన గేరు గది సీళ్లు పాతబడితే, నెలల తరబడి నిలబడి ఉన్నప్పుడు ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేసులోకి జారుతుంది. ఆయిల్ నిండిన ఇంజన్‌ను అలాగే సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దసరా తర్వాత మొదటిసారి తీసేటప్పుడు రెండు ప్లగ్గులూ విప్పి, వైర్లు ఎర్త్ చేసి, రంధ్రాల మీద పాత లుంగీ ముక్క కప్పి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. గుడ్డ మీదికి ఆయిల్ గుప్పున వచ్చిందంటే సీళ్లు మార్చే రోజులు దగ్గర పడ్డాయి. కొందరు ఆ లావు గొట్టాలకు క్లిప్పులు పెట్టి కారడాన్ని ఆపుతారు. మీరూ పెడితే "క్లిప్పులున్నాయి" అని రాసిన చీటీని సేఫ్టీ తాడుకే కట్టండి. ఆ తాడు తగిలించకుండా ఇంజన్ స్టార్ట్ కాదు కాబట్టి చీటీ చేతికి రాక తప్పదు.